ముదిమిలో ముందడుగు

బాల్యమునందు పరుగు మనకు సహజము. ఎవరును చెప్పకయే పిల్లలు పరుగెత్తుదురు, చెట్లెక్కుదురు, చెరువులలో ఈదుదురు. యౌవనమునందు జీవనోపాధి మనలను నడిపించును. పొలమో, దుకాణమో, కార్యాలయమో ఉదయముననే మనలను పిలుచుచుండును. వార్ధక్యము వచ్చుసరికి ఈ రెండు ప్రేరణలును సన్నగిల్లును. ఆడుటకు తోడివారుండరు, పనికి రమ్మని తొందరపెట్టువారుండరు. "ఇంక మీకీ శ్రమ యెందులకు? హాయిగా కూర్చుండుడు" అని ఇంటివారు ప్రేమతో చెప్పుదురు. పెద్దలును అది న్యాయమే యని తలచి పడకకుర్చీని ఆశ్రయింతురు. కొలది దినములలో ఆ కుర్చీ అలవాటగును. కొన్ని మాసములలో అది అవసరమగును. కొన్ని సంవత్సరములు గడచునప్పటికి దానినుండి లేచుటయే కష్టమగును.

ఈ కష్టమునకు కారణము వయస్సా, కదలకుండుటయా? రెండును కారణములే. వయస్సు పెరుగుకొలది కండరములు కొంత క్షీణించుట ప్రకృతిధర్మము. దానిని పూర్తిగా ఆపుట ఎవరి తరమును కాదు. కాని ఆ క్షీణత ఎంత వేగముగా సాగునన్నది చాలవరకు మన నడవడిని బట్టి యుండును. మూలబడిన కొడవలికి తుప్పు పట్టినట్లు, పని లేని కండరము తన బలమును కోల్పోవును.

శరీరశ్రమకును ఆరోగ్యమునకును గల సంబంధమును లెక్కలతో నిరూపించిన తొలివారిలో జెరెమీ మారిస్ అను ఆంగ్ల వైద్యుడొకడు. ఆ కాలమున లండను నగరపు వీథులలో రెండంతస్తుల బస్సులు తిరుగుచుండెను. వానిలో డ్రైవరు దినమంతయు తన ఆసనమున కూర్చుండి బండి నడుపును. కండక్టరు టిక్కెట్టు లిచ్చుటకై పై యంతస్తునకు ఎక్కుచు, క్రిందికి దిగుచు, దినమునకు సుమారు 500 మొదలు 750 మెట్లు ఎక్కుచుండును. ఈ ఇరువురి ఆరోగ్యమును పోల్చి చూచిన మారిస్, తన పరిశోధన ఫలితములను 1953లో ప్రకటించెను. కూర్చుండిన డ్రైవర్లలో కంటె మెట్లెక్కిన కండక్టర్లలో గుండెజబ్బు చాల తక్కువగా నుండెను. డ్రైవర్లు మొదటినుండియు స్థూలకాయులేమో యను సందేహము కలుగగా, ఆయన వారికి కుట్టించిన దుస్తుల కొలతలను సైతము తెప్పించి పరిశీలించెను. సన్ననివారైనను, లావైనవారైనను, కండక్టర్లకే మేలు కనబడెను. మారిస్ తాను కనుగొన్న సత్యమును తానును ఆచరించెను. తొంబది యేండ్లు దాటిన పిదపకూడ నడకయో, ఈతయో మానలేదు. నూరేండ్లు నిండుటకు కొన్ని మాసములు మాత్రమే మిగిలియుండగా, 2009లో మరణించెను.

"పడుచుతనమున మొదలుపెట్టినవారికి అది సరియే. బాగుగా ముదిసిన పిదప మొదలుపెట్టిన ఏమి లాభము?" అని కొందరు సందేహింతురు. ఈ సందేహమునకు అమెరికా దేశమున బోస్టన్ నగరమందలి వైద్యులు సమాధానము చెప్పిరి. ఒక వృద్ధాశ్రమమున నివసించుచున్న పదిమంది దుర్బలులను వారు ఎన్నుకొనిరి. వారి వయస్సు 86 మొదలు 96 సంవత్సరముల వరకు ఉండెను. ఎనిమిది వారములపాటు కాళ్లతో బరువు లెత్తుటలో వారికి జాగ్రత్తగా శిక్షణ నిచ్చిరి. ఒకరు నడుమ మానివేయగా, తక్కిన తొమ్మిదిమందికి కాలి కండరముల బలము సగటున నూటికి 174 వంతులు పెరిగెను. ఇద్దరు తమ చేతికర్రలను విడిచిపెట్టి నడువగలిగిరి. 1990లో ప్రకటింపబడిన ఈ పరిశోధన వైద్యలోకమును ఆశ్చర్యపరచెను. అయితే శిక్షణ నిలిపివేసిన నాలుగు వారములలోనే వారి బలము నూటికి 32 వంతులు తగ్గిపోయెను. శ్రమవలన వచ్చిన బలము ధాన్యపు గాదెవలె నిలువ యుండునది కాదని దీనివలన తెలియుచున్నది. అది బావినీటివంటిది, ఏనాటికానాడు తోడుకొనవలసినదే.

ఇక్కడనే అసలు చిక్కు కలదు. నడచుట మంచిదని తెలియనివారు అరుదు. వైద్యుడు చెప్పును, పత్రికలు వ్రాయును, పిల్లలు పోరుదురు. ఐనను, తెల్లవారుజామున చలిగాలి వీచుచుండగా, మోకాళ్లు నొచ్చుచుండగా, దుప్పటి తొలగించి లేచునట్లు చేయునది తెలివి యొక్కటియే కాదు. దానికి మనస్సున ఒక ప్రేరణ కావలెను. ఆ ప్రేరణ ముదిమియందు ఎక్కడనుండి వచ్చును? పంజాబు దేశపు రైతు ఒకని జీవితము ఈ ప్రశ్నకు చక్కని సమాధానము.

ఆ రైతు పేరు ఫౌజా సింగ్. జలంధరు జిల్లాలోని బియాస్ పిండ్ అను గ్రామము ఆయన జన్మస్థలము. ఆయన పాస్‌పోర్టును బట్టి 1911 ఏప్రిల్ 1వ తేదీన జన్మించెను. శైశవమున ఆయన కాళ్లు మిక్కిలి బలహీనముగా నుండెను. ఐదేండ్లు వచ్చువరకు నడువనే లేకపోయెను. పుల్లలవంటి ఆ కాళ్లను చూచి తోటి పిల్లలు 'దండా', అనగా 'కర్ర' అని గేలి చేసిరి. పాఠశాలకు పోవు భాగ్యము ఆయనకు కలుగలేదు. చదువుటయు, వ్రాయుటయు నేర్వలేదు. పెద్దవాడై పొలము దున్నెను, పెండ్లియాడెను, బిడ్డలను పెంచెను. ఎనుబది యేండ్లవరకు ఆయన జీవితము వేలకొలది రైతుల జీవితమువంటిదే.

అంతలో కష్టములు వచ్చిపడెను. 1992లో భార్య మరణించెను. 1994లో ఆయన కన్నులయెదుటనే కుల్దీపు అను కుమారుడు ఒక నిర్మాణపుపనిలో ప్రమాదమునకు గురియై ప్రాణములు కోల్పోయెను. చెట్టంత కొడుకును పోగొట్టుకొన్న తండ్రికి ఆహారము రుచింపలేదు, బ్రతుకు రుచింపలేదు. ఆ దశకమున ఆయన లండను నగరపు తూర్పు భాగమున మరియొక కుమారుని యింట నివసింపసాగెను. అది పరాయిదేశము. అక్కడి భాష ఆయనకు రాదు. పొలము లేదు, పశువులు లేవు, పలుకరించు ఇరుగుపొరుగులు లేరు. దుఃఖమును దిగమ్రింగుచు నాలుగు గోడల నడుమ కూర్చుండుట యొక్కటే ఆయనకు మిగిలిన పని.

ఆ కూర్చుండుటను భరింపలేక ఆయన బయటికి వచ్చి నడువ మొదలుపెట్టెను. నడక క్రమముగా పరుగైనది. పరుగెత్తుచున్నంతసేపు దుఃఖము కొంత దూరముగా నుండెను. ఒకనాడు టెలివిజనులో లండను నగరపు మారథాన్ పరుగును చూచి, తానును అందులో పాల్గొనవలెనని సంకల్పించెను. మారథాన్ అనగా 42 కిలోమీటర్ల 195 మీటర్ల దూరము. ఆ ప్రాంతముననే యున్న హర్మందర్ సింగ్ అను శిక్షకుని ఆశ్రయించెను. మొదటి దినమున ఫౌజా సింగ్ కోటు, లోకోటు, పంట్లాము ధరించి పెండ్లికి పోవువానివలె మైదానమునకు వచ్చెనట! శిక్షకుడు నవ్వుకొని, పరుగునకు తగిన దుస్తులను, బూట్లను ధరింపజేసెను. నాటినుండి ఆయనకు ఒక గురువు, కలిసి పరుగెత్తు మిత్రబృందము, నియమిత వేళ ఏర్పడెను.

2000 సంవత్సరమున, తన 89వ యేట, ఫౌజా సింగ్ తొలి మారథానును 6 గంటల 54 నిమిషములలో పూర్తిచేసెను. నెలలు నిండకముందే జన్మించిన పసికందుల సంరక్షణకై పాటుపడు ఒక సంస్థకు ఆయన పరుగులవలన విరాళములు చేకూరినవి. వృద్ధులలో వృద్ధుడు పసివారిలో పసివారికై పరుగెత్తెనన్నమాట. కన్నకొడుకును కాపాడుకొనలేకపోయిన తండ్రి ఎవరి బిడ్డలకో ఊపిరి పోయుటకు తన కాళ్లను వినియోగించెను. నాటినుండి ఆ పరుగు ఒంటరివాని పరుగు కాదు.

మూడేండ్లు గడచెను. మనము సాధారణముగా ముదిమియందు ఏటికేడు శక్తి తగ్గుననియే అనుకొందుము. కాని 2003లో కెనడా దేశపు టొరాంటో నగరమున, 92వ యేట, ఆయన అదే దూరమును 5 గంటల 40 నిమిషములలో పరుగెత్తెను. అనగా తన తొలి పరుగుకంటె గంటకు పైగా ముందు గమ్యమును చేరెను. 2011 అక్టోబరు 16వ తేదీన, నూరేండ్లు నిండిన వయస్సున, అదే టొరాంటోలో మరల మారథాను పూర్తిచేసెను. ఆనాడు పట్టిన కాలము 8 గంటల 11 నిమిషములు. నూరేండ్లవాడు మారథాను ముగించుటను లోకము అంతకుముందు వినియుండలేదు.

గిన్నిస్ రికార్డుల గ్రంథమువారు మాత్రము దీనిని నమోదు చేయలేదు. ఆయన జన్మపత్రమును వారు కోరిరి. 1911లో పంజాబు పల్లెలో పుట్టిన రైతుబిడ్డకు జన్మపత్ర మెక్కడిది? పుట్టినతేదీ గల పాస్‌పోర్టును, నూరవ పుట్టినరోజున బ్రిటన్ రాణి పంపిన శుభాకాంక్షల లేఖను చూపినను వారికి చాలలేదు. బిరుదు రాలేదని ఆయన పరుగు ఆగలేదు. 2012లో లండను ఒలింపిక్ క్రీడల జ్యోతిని మోసిన వారిలో ఆయనయు ఒకడయ్యెను. 2013 ఫిబ్రవరిలో హాంకాంగ్ నగరమున 10 కిలోమీటర్ల పరుగును సుమారు గంటన్నరలో ముగించి, పందెములకు స్వస్తి చెప్పెను. పందెములు మానినను నడక మానలేదు. చివరకు స్వగ్రామము చేరి, 2025 జూలై 14వ తేదీన అక్కడి రహదారి దాటుచుండగా ఒక వాహనము ఢీకొనుటచే మరణించెను. అప్పటికి ఆయన వయస్సు 114 సంవత్సరములు.

ఫౌజా సింగ్ పరుగువలననే అంతకాలము జీవించెనని చెప్పుటకు వీలులేదు. మితమైన శాకాహారము, పుట్టుకతో వచ్చిన దేహతత్త్వము, అదృష్టము, ఇట్టివెన్నో దీర్ఘాయువునకు కారణములు కావచ్చును. మనము గమనింపవలసినది వేరొకటి. ఆయన ఆయుస్సు పెంచుకొనుటకై పరుగు మొదలుపెట్టలేదు. బ్రతుకునందు విసుగు కలిగిన వేళ, బ్రతుకుటకు ఒక కారణమును వెదకుచు మొదలుపెట్టెను. ఆరోగ్యము ఆయనను వెదకుకొని వచ్చెను.

ఇట్టిదే మాన్ కౌర్ అను మహిళ కథ. ఈమెయు పంజాబునకు చెందినదే. 1916లో జన్మించెను. 93 ఏండ్లవరకు ఆమె ఏ పందెమునందును పాల్గొని యెరుగదు. ఆమె కుమారుడు గురుదేవ్ సింగ్ అప్పటికే వృద్ధుడు. వృద్ధుల క్రీడాపోటీలలో పాల్గొనుచుండువాడు. ఒకనాడు తల్లిని మైదానమునకు తోడ్కొనిపోయి పరుగెత్తి చూడుమనెను. ఆమె పరుగెత్తెను. నాటినుండి తల్లి కుమారులు కలిసి అభ్యాసము చేసిరి. కలిసి దేశదేశములు తిరిగిరి. 2017లో న్యూజిలాండు దేశపు ఆక్లాండ్ నగరమున, 101వ యేట, ఆమె 100 మీటర్ల పరుగును 74 క్షణములలో ముగించెను. ఆ వయోవర్గమున ఆమెతో పోటీపడుటకు వేరొకరు లేకుండిరి! చూపరులు మాత్రము లేచి నిలిచి హర్షధ్వానములు చేసిరి. 2021లో, 105వ యేట, ఆమె కన్నుమూసెను. కుమారుడు ఆనాడు "అమ్మా, నీవు కూర్చుండుము" అనక "అమ్మా, నాతో రమ్ము" అనెను. ఆమె తరువాతి పన్నెండేండ్ల జీవితమును ఈ చిన్నమాట మార్చివైచెను.

ఇట్టి అసాధారణ వ్యక్తుల కథలు వినినప్పుడు "అవి మనకు సాధ్యమా?" అని పెద్దలు నిరుత్సాహపడవచ్చును. సామాన్యులను కదిలించు ఏర్పాటు జపాను దేశమున కలదు. అక్కడ 1928 నుండి రేడియోద్వారా వ్యాయామపాఠము ప్రసారమగుచున్నది. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప కొంతకాలము ఆగి, 1951లో నూతన రూపమున మరల ప్రారంభమయ్యెను. ఉదయము ఆరున్నర గంటలకు పియానో సంగీతము వినవచ్చును. ఉద్యానవనములలో వృద్ధులు గుమిగూడి చేతులు చాచి, నడుము వంచి, కాళ్లు కదలింతురు. పట్టుమని పది నిమిషముల పని. వేసవి సెలవులలో పిల్లలును వచ్చి, హాజరు చీటిమీద ముద్ర వేయించుకొందురు. ఒకనాడు రాకున్నచో "నిన్న కనబడలేదేమి?" అని తోటివారు కుశలమడుగుదురు. ఒక్కొక్కప్పుడు ఆ పలుకరింపు వ్యాయామముకంటె గొప్ప ఔషధము.

ఈ ఉదాహరణములన్నింటిని కలిపి చూచినచో వృద్ధులలో ఉత్సాహము నిలుచుటకు కావలసినవి తేటపడును. మొదటిది, తనకు వెలుపల ఒక ప్రయోజనము. 'నాకు జబ్బు రాకూడదు' అను భయము కొన్నాళ్లు మాత్రమే నడిపించును. 'నా కొరకు ఒకరు ఎదురుచూచుచున్నారు' అను భావము చిరకాలము నడిపించును. రెండవది, తోడు. మూడవది, నియమిత వేళ; వేళ కుదిరిన పిదప ప్రతిదినము 'పోదునా, మానుదునా' అని మనస్సుతో వాదింపనక్కరలేదు. నాలుగవది, చిన్న ఆరంభము. ఫౌజా సింగ్ సైతము మొదట నడచెను, పిదపనే పరుగెత్తెను.

ఎంత శ్రమ చాలును? 65 ఏండ్లు దాటినవారు వారమునకు కనీసము 150 నిమిషములపాటు ఓ మోస్తరు వేగముతో నడచుట వంటి శ్రమ చేయవలెనని 2020లో ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించెను. అనగా దినమునకు అరగంట చొప్పున ఐదు దినములు. దీనికి తోడు వారమునకు మూడు దినములైనను శరీరపు నిలుకడను, కండరముల బలమును పెంచు వ్యాయామములు చేయవలెనని చెప్పెను. వృద్ధులు కాలుజారి పడినచో ఎముకలు విరిగి మంచము పట్టుదురు గనుక నిలుకడ చాల ముఖ్యము. చేతులు ఊతగొనక కుర్చీనుండి పలుమార్లు లేచి కూర్చుండుట, గోడ చేరువన నిలిచి ఒంటికాలిపై నిలువ యత్నించుట ఇందుకు ఉపకరించును. అంత చేయలేనివారు తమ శక్తికొలది చేసినను మేలే. గుండెజబ్బు మొదలగునవి గలవారు వైద్యుని సలహా గైకొని ప్రారంభింపవలెను. ఛాతీలో నొప్పియో, తల తిరుగుటయో కలిగినచో వెంటనే ఆపి వైద్యుని చూడవలెను. ఉత్సాహమునకు వివేకము తోడుగా నుండవలెను.

బాలలారా! ఈ పాఠము వృద్ధులను గూర్చినదైనను, ఇందులో మీరు చేయవలసిన పని కలదు. మీ యింట తాతగారో, నాయనమ్మగారో, అమ్మమ్మగారో ఉందురు. లేకున్న మీ వీథిలో ఎవరైనను ఉందురు. "నడువుడు, లేకున్నచో జబ్బు చేయును" అని వారికి ఉపదేశింపకుడు. ఆ ఉపదేశము వారు ఇదివరకే పలుమార్లు వినియున్నారు. "తాతయ్యా, సాయంకాలము గ్రంథాలయమునకు పోవలెను, తోడు వచ్చెదరా?" అని అడుగుడు. "నాయనమ్మా, పెరటిలో చిక్కుడుపాదు పెట్టుట నాకు నేర్పుము" అని కోరుడు. వారు నెమ్మదిగా నడచినచో మీరును నెమ్మదిగా నడువుడు. త్రోవలో వారు చెప్పు మాటలు వినుడు. మీకు ఒక అరగంట పోవును. వారికి మరునాటి ఉదయము లేచుటకు ఒక కారణము లభించును.

మీరు నేడు ఆడు ఆట, నడచు నడక, మీ ఎముకలకును కండరములకును బలము చేకూర్చుచున్నవి. ఆ బలము ముందు మీకే అక్కరకు వచ్చును. ఇంకొక అరువది యేండ్లకు మీరును తాతలు, అమ్మమ్మలు అగుదురు. అప్పుడు మీ చెంతకు ఒక బాలుడు వచ్చి "నాతో రండు" అని చేయి చాచినచో, ఆ చేయి పట్టుకొని లేచుటకు మీకు కాళ్ల బలమును ఉండవలెను, మనస్సునందు ఇష్టమును ఉండవలెను.

ప్రశ్నలు

1. లండను బస్సు డ్రైవర్లకును కండక్టర్లకును ఆరోగ్యమున గల భేదమేమి? దానికి కారణమేమి?
2. బోస్టన్ నగరపు పరిశోధనవలన వృద్ధులు తెలిసికొనవలసిన రెండు విషయములను వ్రాయుము.
3. ఫౌజా సింగ్ పరుగు మొదలుపెట్టుటకు గల కారణములను నీ సొంతమాటలలో వివరింపుము.
4. "అమ్మా, నాతో రమ్ము" అను మాటలోని విశేషమేమి?
5. మీ యింటనో, మీ వీథిలోనో ఉన్న ఒక వృద్ధునితో ఒక వారము కలిసి నడచి, ఆయన చెప్పిన విషయములను ఒక వ్యాసముగా వ్రాయుము.